తెగిన క్లచ్ తీగ

శనివారం వీక్లీ ఆఫ్.
తెల్లారి నాలుగున్నరకి కంచరపాలెం ఇంకా కుక్కలదే.
నాలుగో కిక్కుకి గానీ లేవదు మా పాత రాజ్‌దూత్,
లేచిందంటే వీధినంతా లేపుతుంది.
"క్లచ్ కేబుల్ నూలుపోగులా ఉంది, మార్చీమంటావా?"
అనడిగేడు గురువారం నాడు మెకానిక్ సన్నిబాబు.
"వొచ్చే జీతానికి" అన్నాను.

గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస.
టీ గ్లాసుల చప్పుడు,
రెండువైపులా పాల కేన్లు వేలాడేసుకుని ఎదురొచ్చే మోపెడ్లు.
అంతవరకూ గాలికి డీజిలూ ఎండుచేపా వాసన.
ఎస్.కోట దాటి, బొడ్డవర దగ్గర
తడి ఆకుల బుట్ట ఎవరో
మొహమ్మీద బోర్లించినట్టయింది.

మలుపులు లెక్కపెడదామనుకున్నాను, ప్రతిసారీలాగే.
ప్రతిసారీలాగే పదిహేడు దగ్గర పోయింది లెక్క.
కింద లోయలో పొగమంచు
ఎవరూ తాగని పాలలా మీగడ కడుతోంది.

డముకు దాటి రెండు మలుపులు.
టప్పుమని
ఎడమచేతిలో ఏదో చచ్చిపోయింది.
ఎండిపోయిన బోరింగు పిడిలా
ఊరికే ఊగింది లివరు.

కాఫీ తోటలోంచి ఒకామె దిగింది,
నెత్తిన అల్లం మూట,
చేతిలో తన చెప్పులు.
నేను నోరు తెరవకముందే బండిని చూసి
"తీగ తెగిందా? మా తమ్ముడిదీ అంతే" అంది.
"పైకి తోస్తే రాదు. మూతి కిందికి తిప్పు."

అరకు పోదామని బయల్దేరినవాణ్ణి
విశాఖపట్నం వైపు తిరిగాను.
ఆమె తోసింది.
గేరు పడింది. బండి దగ్గి, ఇంకా దగ్గి, అందుకుంది.
వెడల్పైన మలుపు దొరికేదాకా కిందికే పోయి
చుట్టు తిరిగి పైకొస్తుంటే
రోడ్డు మధ్యన నిలబడి ఉంది మూటతో.
"ఆపలేను!" అని అరిచాను.
"ఎవరాపమన్నారు?" అంది.
నాలుగడుగులు పరుగెత్తి
ముందు మూట, తర్వాత తను
వెనక సీటు మీద వాలారు.

పేరు వంతల సుక్రి. సుంకరమెట్ట సంతకి.
బస్సు రాలేదట.
వస్తుందని ఎవరూ అనుకోలేదట కూడా.

ఎన్నిచోట్ల ఆగేవాణ్ణి ఎప్పుడూ!
వ్యూపాయింటు, కాల్చిన పొత్తు, ఒక ఫోటో,
ఫోటో సరిగా రాలేదని ఇంకోటి.
ఈవేళ ఆగితే ఇక అంతే సంగతులు.
గాలికొండ పక్కనుంచే వెళ్ళిపోయింది,
పెళ్ళిలో పలకరించలేకపోయిన బంధువులా.
సిల్వర్ ఓకుల ఒంటిమీద మిరియపు తీగలు,
తీగల సందుల్లో ఎండ తునకలు.
ఒక్కటీ జేబులో వేసుకోలేదు.
ఆమె వెనకనుంచి చెబుతూనే ఉంది:
"అదిగో మా మేనత్త వాళ్ళ దారి.
ఇక్కడే మొన్న మా గొడ్డు జారిపడింది.
ఆ పనస మాదే, కాయలు మాత్రం కోతులవి."
ఇన్నేళ్ళూ నేను లోయ అని ఊరుకున్నదానికి
ఆమె దగ్గర ఏడెనిమిది పేర్లున్నాయి.

సొరంగం నోట్లోంచి గూడ్సు వచ్చింది.
కిరండూల్ ఇనుపరాయి, ఎర్రగా, నిండుగా.
"రోజూ ఇంత మట్టి ఎక్కడికి పట్టుకుపోతారు?"
పోర్టులో దాన్ని ఓడకెత్తే క్రేను నాదేనన్నాను.
ఒక మలుపు దాటేదాకా మాట్లాడలేదు.
"అయితే నీ దగ్గరికేనా" అంది.

సుంకరమెట్టలో బండిని నడకకి తగ్గించాను.
మూట ముందు దూకింది, తర్వాత ఆమె.
చెయ్యూపుతుందేమోనని అద్దంలో చూశాను.
అల్లం తూచేవాడితో అప్పటికే గొడవపడుతోంది.

ఆ తర్వాత వలిసె పూలు,
కంటికి అందినంత పసుపు.
అక్కడా ఆగలేదు.

అరకులో కొత్త కేబుల్, నూట అరవై.
తిరుగుదారంతా బుద్ధిగా ఆగింది బండి,
ఎక్కడ కావాలంటే అక్కడ.
ఎక్కడా ఆపాలనిపించలేదు.

సోమవారం సెకండ్ షిఫ్ట్.
బకెట్టు ఎర్రమట్టిలో మునిగి లేస్తున్నంతసేపూ
నా ఎడమచెయ్యి
లేని లివరు కోసం గాలిని పిసుకుతూనే ఉంది.

గేటు బయట స్టాండులో బండి.
సీటుకి ఇంకా అల్లం వాసన.
సన్నిబాబు తుడవబోతే వద్దన్నాను.